పై మెట్టు

ఉద్యోగము చేయు ప్రతివాని మనస్సులోను ఒక నిచ్చెన కలదు. దాని కింది మెట్లు కాళ్ళకు తెలియును. పై మెట్లు కన్నులకు మాత్రమే తెలియును. తాను నిలిచిన మెట్టుకు పైన ఎవడో ఒకడు నిలిచియుండును. వాడు అక్కడికి ఎట్లు చేరెనను ప్రశ్న ఆఫీసులోని టీ వేళ మొదలుకొని ఇంటిలోని భోజన వేళ వరకు వెంటాడుచునే యుండును. ఈ ప్రశ్నకు లోకములో సిద్ధముగానున్న సమాధానములు రెండు. తనకు పెద్ద ఉద్యోగమైనచో అది తన సామర్థ్యము వలన. పొరుగువానికైనచో అది పలుకుబడి వలన.

ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చుట సులభము కాదు. చూచువాడు ఒకడు లేనిదే సామర్థ్యము పదవిగా మారదు. చూచువాని కన్నును తన వైపు త్రిప్పుకొనుటయే పలుకుబడి. ఈ తెలుగు మాటను నిదానించి చూచినచో దాని అర్థము దానంతట విప్పుకొనును. ఎవని పలుకు చెల్లునో వానికి పలుకుబడి కలదు. పని చేసినవాడు నోరు మెదపనక్కరలేదు. వాని తరఫున మరియొకడు పలికిన చాలును. పలుకువాడు లేనివాని పని ఎంత మంచిదైనను మూగదై పడియుండును.

ఒకనిని పెద్ద పదవిలో కూర్చుండబెట్టుటను తెలుగువారు అందలమెక్కించుట అందురు. అందలము దానంతట అది నడువదు. దానిని మోయు భుజములు కావలెను. అందరును అందలమెక్కిన మోయువారెవరని సామెత అడుగుచున్నది. దీనిని నీతివాక్యముగా భావించుట వాడుక. నిజమునకు ఇది నీతి కాదు, లెక్క. పదిమందికి ఒక పై ఉద్యోగమున్న చోట ఒకడు ఎక్కుటకు కారణము వెదకినచో దొరకవచ్చును. తక్కిన తొమ్మండుగురు ఎక్కకపోవుటకు వారిలో లోపము వెదకనక్కరలేదు; చోటు లేదు, అంతే. కాని ఆ తొమ్మండుగురిలో ఏ ఒక్కడును రాత్రి పండుకొనునప్పుడు ఈ లెక్కతో తృప్తిపడడు. తనను ఎవరో తూచి తక్కువగా తేల్చిరని వాడు తలచును. పదోన్నతిని గూర్చిన దుఃఖమంతయు ఇక్కడనే పుట్టుచున్నది. అది జీతమునకు సంబంధించినది కొంత మాత్రమే. తనను చూచినవారు లేరను బాధ దానికంటె పెద్దది.

ఈ లెక్కయు ఈ బాధయు పక్కపక్కన కనబడు చోటు రైల్వే. అందులోను పెద్ద జంక్షను కాదు, చిన్న స్టేషను. రాయపూరు నుండి బిలాసపురమునకు పోవు మార్గమున మాంఢర్, సిల్యారీ, బైకుంఠ్ దాటిన పిమ్మట తిల్దా వచ్చును. పక్కనున్న నేవరాతో కలిసి ఇది ఒక చిన్న పట్టణము. చుట్టును వరి పొలములు; ఊరిలో బియ్యపు మిల్లులు; బైకుంఠ్ వైపున సున్నపురాతితో సిమెంటు చేయు కర్మాగారము; రాయ్‌ఖేడా వద్ద బొగ్గుతో విద్యుత్తు పుట్టించు కేంద్రము. హౌరాకును ముంబయికిని నడుమ పరుగెత్తు పెద్ద బండ్లలో అనేకములు ఇక్కడ ఆగవు. ఆగని బండికి ఎదురుగా నిలిచి పచ్చజెండా చూపువాని ముఖమును ఆ బండిలోని వారెవ్వరును ఎరుగరు. పగలైనచో వారు కిటికీలో నుండి పొలములు చూచుచుందురు, రాత్రియైనచో నిద్రించుచుందురు.

ఆ నిద్ర ఎవరి పని వలన సాధ్యమగుచున్నదో ఒక్కసారి తలచి చూడవలెను. స్టేషను మాస్టరు ముందు స్టేషను నుండి లైన్ క్లియర్ తీసికొనవలెను. బండి వచ్చిన వేళ, పోయిన వేళ రిజిస్టరులో వ్రాయవలెను. గేటు మూసితినని గేటుమన్ చెప్పిన ప్రైవేటు నంబరును దాని గడిలో ఎక్కించవలెను. పాయింట్స్‌మన్ తన పాయింటు సరిగా కూర్చున్నదో లేదో చూడవలెను. పట్టాల వెంట కీమన్ సుత్తియు స్పానరును భుజమున వేసికొని ప్రతిదినము తన మేర నడువవలెను. ఛత్తీస్‌గఢ్‌లో మే నెల యెండకు ఇనుము సాగి పట్టా వంకరపోవును. పుష్యమాసపు చలికి ముడుచుకొని పగులును. వర్షాకాలపు రాత్రులలో లాంతరు పట్టుకొని గస్తీ తిరుగువారు వేరుగా నుందురు. ఇంతమంది ఇంత పని చేసిన పిమ్మట కలుగు ఫలము ఏమనగా, ఏమియు జరుగకపోవుట.

ఇదియే చిక్కు. కుండలు చేయువాడు పది కుండలు చూపగలడు. నేతగాడు బట్టను పరచి చూపగలడు. రైలు పనిలో మంచి పనికి గుర్తు బండి క్షేమముగా పోవుటయే. అది రిజిస్టరులో ఒక వరుస మాత్రమే. శ్రద్ధతో చేసినవాని వరుసయు, అదృష్టవశమున తప్పించుకొనిన అశ్రద్ధపరుని వరుసయు ఒకేవిధముగా నుండును. పగిలిన పట్టాను తెల్లవారుజామున కనిపెట్టి, ఎర్రజెండా పాతి, పట్టాలపై పేలుడు బిళ్ళలు అమర్చి బండి నాపిన కీమన్‌కు నగదు బహుమతి యిత్తురు; పత్రికలో వాని ఫొటో పడినను పడవచ్చును. ఇది న్యాయమే. అయితే ఆ పట్టా పగులుట వాని భాగ్యము. తన మేరలో ఇరువది యేండ్లు చీలలు బిగించుచు ఏ పట్టాను వదులుకానీయని కీమన్‌కు చూపుటకు ఏమియు లేదు. వాని పని ఎంత బాగుగా నుండిన అంత కనబడకుండును.

కనబడని పనిని ఎట్లు తూచవలెను? పదోన్నతి చరిత్ర యంతయు ఈ ప్రశ్నకు మనుష్యులు చెప్పుకొనిన సమాధానముల చరిత్ర. ఒక్కొక్క సమాధానము వెనుకటిదాని చెడుగును మాన్పుటకు పుట్టినది. పుట్టి తన చెడుగును తాను తెచ్చినది.

తిల్దా మీదుగా పోవు మార్గమును వేసినది బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ. ఆ కంపెనీ 1887లో ఏర్పడెను. నాగపూరు నుండి ఆసన్‌సోల్ వరకు ప్రధాన మార్గము 1891లో పూర్తియయ్యెను. దాని ఆఫీసు కలకత్తాలో గార్డెన్ రీచ్ వద్ద హుగ్లీ నది యొడ్డున నుండెను. ఈ కంపెనీతో తెలుగువారికి పాత సంబంధము కలదు. విశాఖ, శ్రీకాకుళము, గంజాము సీమల నుండి ఎందరో బి.ఎన్.ఆర్. కొలువునకు పోయి ఖరగపూరులోను బిలాసపురములోను రాయపూరులోను కాపురములు పెట్టిరి. విజయనగరము నుండి రాయపూరునకు మార్గము పడిన పిమ్మట ఆ రాకపోకలు ఇంకను హెచ్చినవి. ఇంటిలో తెలుగు, వీధిలో హిందీ, ఆఫీసులో ఇంగ్లీషు. ఈ మూడు భాషలలోను ప్రమోషను అను మాట మాత్రము ఒక్కటియే.

ఆ కంపెనీ కాలమున నిచ్చెన ఒకటి కాదు, రెండు. ఇంజను తుడుచు క్లీనరు ఫైర్‌మన్ యగును, ఫైర్‌మన్ షంటరగును, షంటరు డ్రైవరగును. ఇది కాగితము మీది క్రమము. కాని మెయిలు బండి నడుపు డ్రైవరు, దానిలోని గార్డు, వారిపై నుండు ఫోర్‌మన్ విషయము వచ్చునప్పటికి పనితనము కంటె పుట్టుక ముందుకు వచ్చుచుండెను. ఐరోపావారికిని ఆంగ్లో ఇండియనులకును ఒక నిచ్చెన, తక్కినవారికి ఒక నిచ్చెన. ఒకే పనికి జీతములును వేరు. భారతీయుడైన ఫైర్‌మన్ ఇంజనును ఎంత బాగుగా ఎరిగినను వాని నిచ్చెనకు మధ్యనే పైకప్పు తగులుచుండెను. ఈ కంపెనీ కార్మికులను కూడగట్టినవారిలో ముఖ్యుడు బరంపురములో పుట్టిన తెలుగువాడు వరాహగిరి వేంకటగిరి. తొలగింపబడిన కార్మికుల కొరకు ఆయన నాయకత్వమున 1920ల చివర సమ్మెలు జరిగెను. ఆయన 1969లో రాష్ట్రపతి యయ్యెను.

పుట్టుకను బట్టి మెట్లు పంచుట స్వరాజ్యముతో ఒక్కనాటనే పోలేదు. రాజ్యాంగములోని 336వ అధికరణము రైల్వే, కస్టమ్స్, తంతి తపాలా శాఖలలో ఆంగ్లో ఇండియనులకు పూర్వమున్న నియామకపు వాటాను రెండేండ్లకొకసారి పదింట ఒక వంతు చొప్పున తగ్గించుచు పదేండ్లకు ముగించెను. ఒక వాడుకను త్రోసివేయక మెల్లగా దింపుట ఇట్లు జరిగినది.

పుట్టుక తరువాతి తూనిక వయస్సు, అనగా సర్వీసు. దీనిని కొందరు బ్రతికియున్నందుకు ఇచ్చు బహుమతియని పరిహసింతురు. అయితే అది ఎందుకు పుట్టెనో తెలిసికొనిన ఆ పరిహాసము తగ్గును. ఈస్టిండియా కంపెనీ కొలువులలో డైరెక్టర్ల బంధువులును గవర్నర్ల ఆశ్రితులును తోచినట్లు పైకెక్కుచుండగా, 1793 నాటి చార్టరు చట్టము పదోన్నతికి సీనియారిటీని నియమముగా పెట్టెను. మేధావికి అది సంకెల కావచ్చును. కాని ఆశ్రితునికి అది అడ్డుగోడ. ఈ నియమము కంపెనీలోని ఇంగ్లీషు ఉద్యోగులకే గాని వారి కింది దేశీయులకు కాదు. దేశీయులకు దొర దయయే నియమము. ఒంగోలు ప్రాంతపు వెన్నెలకంటి సుబ్బారావు పలుభాషలు నేర్చి, చిన్న కొలువులతో ఆరంభించి, 1815లో మద్రాసు సదర్ అదాలతులో అనువాదకుడు, దుబాసీ యయ్యెను. ఆయన తన జీవితమును ఇంగ్లీషులో తానే వ్రాసికొనెను. అది ఆయన మరణానంతరము 1873లో అచ్చుపడెను. అంతటి విద్వాంసుడును అదాలతు మెట్లపై న్యాయమూర్తుల మాటను దుబాసీగా పలుకగలడు గాని వారి పీఠమున కూర్చుండలేడు.

సీనియారిటీలో ఒక మేలు కలదు. దానిని పరిహసించువారు దానిని చూడరు. తన వంతు తనకు తప్పక వచ్చునని తెలిసిన గుమాస్తా ఎవనికిని కాకా పట్టనక్కరలేదు. దొర యింటికి పండుగనాడు పండ్లబుట్ట మోయనక్కరలేదు. అక్రమమైన కాగితముపై సంతకము చేయనని చెప్పినను వాని వంతు ఆగదు. అనగా సీనియారిటీ మందకొడిదైనను ఒక విధమైన స్వాతంత్ర్యము. దాని దోషము వేరు: చేయువానిని, చేయనివానిని అది ఒకే గాటను కట్టును. ఇద్దరును ఒకేనాడు చేరినచో ఇద్దరును ఒకేనాడు ఎక్కుదురు. ఇది కొన్నియేండ్లు చూచిన పిమ్మట చేయువాడును చేయుట మానును.

ఆ దోషమును మాన్పుటకు పరీక్ష వచ్చెను. 1854లో ఇంగ్లండులో నార్త్‌కోట్, ట్రెవెలియన్ అను ఇద్దరు తమ నివేదికలో ప్రవేశము పోటీ పరీక్ష వలనను, పదోన్నతి యోగ్యత వలనను జరుగవలెనని చెప్పిరి. ఈ ట్రెవెలియన్ తరువాత మద్రాసు గవర్నరుగా వచ్చెను. నేటి రైల్వేలోను ఆ దారియే కనబడును. కొన్ని ఉద్యోగములకు సీనియారిటీయు పనికి తగుదలయు చాలును. కొన్నింటికి వ్రాత పరీక్షయు సర్వీసు రికార్డును చూచి ఎన్నుకొందురు. గెజిటెడ్ మెట్టు చేరుటకు కొన్ని ఖాళీలు ఎంపికకు, కొన్ని పరిమితమైన పోటీ పరీక్షకు విడువబడినవి.

పరీక్ష చేసిన మేలు చిన్నది కాదు. పలుకువాడు లేని పిల్లవాడు కాగితము మీద తానే పలుకగలుగుట దాని వలననే కలిగినది. కాని తిల్దా వంటి స్టేషనులో పరీక్ష ఎవనికి అనుకూలమో చూడవలెను. పండ్రెండు గంటల రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగటి వేడిలో నిద్రపట్టక పొరలువాడు రూల్సు పుస్తకమును ఎప్పుడు చదువును? ఆఫీసులో పగటిపూట పనిచేయువాడు దీపము కింద తీరికగా చదువును. పొగమంచులో సిగ్నలు కనబడనప్పుడు ఏమి చేయవలెనను ప్రశ్నకు ఇరువది పొగమంచు కాలములు చూచినవాడు నాలుగు వరుసలు వ్రాయును. చూడనివాడు నాలుగు పుటలు వ్రాయును. మార్కులు పుటలకు వచ్చునని ఎవరును చెప్పరు, అయినను వచ్చుచుండును.

పరీక్షకు అందని గుణములను పట్టుటకు రహస్య నివేదిక పుట్టెను. ఏటేట పై అధికారి తన కింది వానిని గూర్చి వ్రాసి పైకి పంపును. చూచువాడు దగ్గరివాడు గనుక నిజము తెలియునని ఊహ. అందులో కొంత సత్యమున్నది. అయితే కన్ను దగ్గరనున్నంత మాత్రమున నిర్మలమగునా? వ్రాయువానికి నచ్చిన గుణమే గుణమగును. ఎదురు చెప్పనివాడు సహకారబుద్ధి గలవాడగును. తప్పు చూపినవాడు తగవులమారి యగును. పైగా ఆ కాగితమును వ్రాయబడినవాడు చూడడు. 2003లో బిలాసపురము కేంద్రముగా కొత్త రైల్వే జోను ఏర్పడకమునుపు ఈ మార్గపు పెద్ద నిర్ణయములు గార్డెన్ రీచ్‌లో జరుగుచుండెను. తిల్దాలో చేసిన పనికి తీర్పు సుమారు 800 కిలోమీటర్ల దూరమున, ఆ ఊరిని చూడనివారి బల్లమీద, ఒక్క మాటను బట్టి పడుచుండెను.

ఆ ఒక్క మాట యెంత పని చేయునో 2008లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి తెలిపినది. సరిహద్దు రోడ్ల సంస్థలోని ఒక ఇంజనీరునకు ఒక సంవత్సరము నివేదికలో ‘బాగు’ అని వ్రాసిరి. పై పదవికి వరుసగా ఐదేండ్లు ‘చాల బాగు’ అని యుండవలెనను నియమము కలదు. మెచ్చుకోలువలె కనబడు ఆ మాటయే ఆయనను ఆపినది. అది వ్రాయబడినట్లు ఆయనకు తెలియనే తెలియదు. చెడ్డమాటలు మాత్రమే తెలుపుట చాలదనియు, ప్రతి మాటను దానికి గురియైనవానికి తెలిపి బదులు చెప్పుకొను అవకాశమియ్యవలెననియు న్యాయస్థానము చెప్పెను. 2009 నుండి కేంద్ర ప్రభుత్వోద్యోగులకు నివేదికను చూపు పద్ధతి వచ్చెను. దాని పేరులోని రహస్యమను మాటయు పోయెను. తనను గూర్చి ఏమి వ్రాసిరో తెలిసికొను హక్కు ఇంత ఆలస్యముగా వచ్చుట ఆశ్చర్యము. వచ్చుట మాత్రము మేలు.

కన్నుల నిర్మలత్వమును గూర్చి మరియొక వ్యాజ్యము అంతకు ముందే నడచెను, అదియు రైల్వేలోనే. షెడ్యూల్డు కులములకును తెగలకును ప్రవేశములోనే గాక పై మెట్లలోను చోట్లు కేటాయింపవచ్చునా యను ప్రశ్న సదరన్ రైల్వే జనరల్ మేనేజరుకును రంగాచారి అను ఉద్యోగికిని నడుమ సుప్రీంకోర్టు చేరెను. 1961లో ఐదుగురు న్యాయమూర్తులలో మువ్వురు కేటాయింపవచ్చుననిరి. 1992లో మరియొక పెద్ద ధర్మాసనము పదోన్నతులలో కూడదనెను. 1995లో రాజ్యాంగమును సవరించి పార్లమెంటు దానిని మరల నిలిపెను. ఈ వాదము నేటికిని చల్లారలేదు. వాదించు ఇరుపక్షములును యోగ్యత పేరనే వాదించుట గమనింపదగినది. ఒకరు యోగ్యతకు అన్యాయము జరుగుచున్నదందురు. మరియొకరు, చూచు కన్నులన్నియు ఒకే వీధిలో పుట్టినచో రెండవ వీధివాని యోగ్యత ఎన్నడును కనబడదందురు. మెయిలు బండి డ్రైవరు పదవిని భారతీయునికి అందనీయని కంపెనీయు ఆ పనిని యోగ్యత పేరనే చేసెను. ఈ ఒక్క సంగతి జ్ఞాపకముంచుకొనినచో రెండవ పక్షమువారి మాటను తేలికగా త్రోసివేయరాదు.

మరియొక తూనిక కలదు; దానిని నియమములలో వ్రాయరు. అది విధేయత. 1974 మే 8వ తేదీన దేశమందలి రైల్వే కార్మికులు సమ్మె చేసిరి. అది సుమారు మూడు వారములు సాగెను. సమ్మెలోనికి పోయినవారి సర్వీసు తెగినట్లు కాగితములపై వ్రాసిరి. పోక పనిచేసినవారికి విశ్వాసపాత్రులని మెప్పులును ప్రతిఫలములును దక్కెను. 1977లో ప్రభుత్వము మారిన తరువాత సమ్మెదారులకు కలిగిన నష్టమును సరిదిద్దు ప్రయత్నము జరిగెను. కాగితము మీది తెగుదలను కలుపవచ్చును. ఒకే క్వార్టర్ల వరుసలో ఎదురెదురుగా నుండి ఒకడు ఎక్కగా ఒకడు దిగిన రెండిండ్ల నడుమ తెగినదానిని ఏ సర్క్యులరును కలుపలేదు. బి.ఎన్.ఆర్. కార్మికుల సమ్మెలు నడపిన గిరి ఆ మే నెలలో రాష్ట్రపతి భవనముననే యుండెను.

ఇన్ని తూనికలలో ఏదో ఒకదానిచే తేలి ఒకడు ఎక్కెననుకొందురు. వానికి ఆ పై పని వచ్చునా? లారెన్స్ పీటర్ అను ఆచార్యుడు రేమండ్ హల్‌తో కలిసి 1969లో ప్రకటించిన పుస్తకములో, ఉద్యోగి తనకు చేతగాని పని దొరకువరకు ఎక్కుచునే పోవునని హాస్యముగా చెప్పెను. 2019లో వెలువడిన ఒక అమెరికా పరిశోధన ఆ హాస్యములో నిజమున్నదని చూపినది: సరుకు అందరికంటె బాగుగా అమ్మినవారిని కంపెనీలు మేనేజర్లను చేసెను, వారి కింద పనిచేసినవారి అమ్మకములు మాత్రము తగ్గెను. మంచి పనివానికి ఇచ్చు బహుమతి వానిని ఆ మంచి పనినుండి తీసివేయుటయైనది. తిల్దా చుట్టుపట్ల ఈ సంగతికి పుస్తకము అక్కరలేదు. చెవితోనే పట్టా లోపమును పసిగట్టు కీమన్‌ను మేటుగా చేసినచో గ్యాంగులోని తగవులు తీర్చుటకే వాని దినమంతయు చాలకపోవచ్చును.

కౌటిల్యుడు ఈ విషయమున ఎక్కువ జాగ్రత్తపడెను. అర్థశాస్త్రములో అమాత్యులను ధర్మము, అర్థము, కామము, భయము అను నాలుగింటితో పరీక్షింపవలెననెను. ధర్మపరీక్షలో నిలిచినవానికి న్యాయాధికారము, ధనపరీక్షలో నిలిచినవానికి కోశము, భయపరీక్షలో నిలిచినవానికి రాజు చెంత కాపు; అన్నింటిలో నిలిచినవాడే మంత్రి. ఒక పనిలో మేటి యగుట వేరొక పనికి చీటీ కాదని దీని భావము. ఆయన పరీక్షా విధానములు గూఢచారులతో నిండినవి. అవి నేటికి తగవు. కాని ఆయన అడిగిన ప్రశ్న తగును: ఇతడు గడచినదానికి ఏమి చేసెనని గాక, రాబోవుదానిలో ఎక్కడ నిలుచునని.

పని పాడుచేయకయే మనిషిని గౌరవించు ఉపాయము లేదా? ప్రభుత్వము ఒకటి కనిపెట్టెను. 1999లో, పదోన్నతి దొరకనివారికి పండ్రెండేండ్లకు ఒకసారి, ఇరువదినాలుగేండ్లకు మరియొకసారి జీతపు మెట్టు పెంచు పథకము వచ్చెను. 2008 నుండి అది పది, ఇరువది, ముప్పది యేండ్లకు మారెను. పదవి అదియే, కుర్చీ అదియే, జీతము మాత్రము పై మెట్టుది. లెక్కవలన కలిగిన అన్యాయమును లెక్కతోనే కొంత తీర్చుట యిది. ఇంటిలో బియ్యపు డబ్బా నిండును, పిల్లల ఫీజు కట్టబడును. కాని ఊరి నుండి వచ్చిన మేనమామ, “ఇప్పుడు ఏమి అయినావురా?” అని అడిగినచో చెప్పుటకు కొత్త మాట లేదు. “అదే మామయ్యా, జీతము పెరిగినది” అనిన జవాబులో ఒక చిన్న నిలుపు ఉండును. మామయ్య దానిని వినీ విననట్లు మరియొక మాట ఎత్తును. ప్రమోషను జీతము కొరకు మాత్రమే కాదని ఆ నిలుపు చెప్పుచున్నది.

ఇంతవరకు చెప్పినదంతయు ఉద్యోగి సుఖదుఃఖములకు సంబంధించినది. దానిని దాటి మరియొకరి ప్రాణమునకు సంబంధించిన సంగతి కలదు. చిన్న స్టేషనులో అర్ధరాత్రి డ్యూటీలోనున్న స్టేషను మాస్టరును తలచుకొనవలెను. బండ్లు ఆలస్యమైనవి, కంట్రోలు నుండి ఫోను మ్రోగుచున్నది, అవతల గొంతు తొందరించుచున్నది. గేటు నుండి నంబరు ఇంకను రాలేదు, లేదా పాయింటు సరిగా కూర్చున్నట్లు తెలియలేదు. ఆ క్షణమున వాడు చెప్పవలసిన మాట ఒక్కటే: “ఇప్పుడు బండిని వదలను.” ఈ మాట వలన బండి పది నిమిషములు ఆలస్యమగును; ఆలస్యము కాగితమునకు ఎక్కును; సంజాయిషీ వచ్చును. అనలేదనుకొందము, నూరింట తొంబదితొమ్మిదిసార్లు ఏమియు జరుగదు, అందరును మెచ్చుకొందురు. వాని పై మెట్టు ఆ తొందరించు గొంతుల ప్రసన్నతపై ఆధారపడినచో వాడు ఏమి చేయును? బండిలో నిద్రించువాని బ్రతుకు, ఆ సంస్థలో మనుష్యులు ఎందుకు ఎక్కుచున్నారను ప్రశ్నపై వ్రేలాడుచుండును. వానికి ఆ సంగతి తెలియదు. ఎదురు మాట్లాడనివారినే ఎక్కించుచు వచ్చిన సంస్థలో కొంతకాలమునకు పై నుండి కింది వరకు ఆ ఒక్క మాట అనగలవాడు మిగులడు.

బాధ్యత పైకి కూడ ఎక్కవలసినదేనని చూపిన ఉదాహరణ రైల్వేలోనే కలదు. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ వద్ద వంతెన కూలి బండి పడిపోయినప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చెను. ప్రధాని నెహ్రూ దానిని అంగీకరింపలేదు. నవంబరులో అరియలూరు వద్ద మరియొక ప్రమాదము జరిగెను. ఆయన మరల రాజీనామా ఇచ్చి దిగిపోయెను. ఆ వంతెనలను ఆయన కట్టలేదు. ఆ బండ్లను నడుపలేదు. అయినను మెట్టు ఎత్తయినకొలది దానిపై నిలుచువాడు మోయవలసిన బరువు పెరుగునని ఆయన తలచెను. అందలమునకు మోయు భుజములు కావలెనని సామెత చెప్పును. ఎక్కినవాడును ఏదో మోయుచునే యుండవలెనని ఆ దిగుట చెప్పినది.

మనుష్యులు ఎందుకు ఎక్కుదురను ప్రశ్నకు ఒక్క సమాధానము లేదు. కొందరు పుట్టుకచే, కొందరు వయస్సుచే, కొందరు మార్కులచే, కొందరు మెప్పుచే ఎక్కిరి; కొందరు నిజముగా తగినవారగుటచే ఎక్కిరి. అందరి విషయమునను ఉమ్మడిగా నున్నది ఒక్కటే: కలము పట్టినవాడొకడు వారిని చూచెను. సీనియారిటీ పట్టికయు, పరీక్షయు, నివేదికయు, కేటాయింపును, కోర్టు తీర్పును ఆ చూపు ఒక్కని ఇష్టముపై నిలువకుండుటకు మనుష్యులు చేసిన ప్రయత్నములు. ఇవి లోపము లేనివి కావు. ఒకదాని చీకటిలో మరియొకటి కొంత వెలుగు వేయును. కావున వీనిలో ఒకదానినే నమ్మి తక్కినవానిని పారవేయువాడు పాత చీకటిని మరల పిలుచుకొనును.

ఎక్కనివానికి చెప్పవలసిన ఊరట కూడ ఇందులోనే యున్నది. అది ఉత్తుత్తి ఊరట కాదు. చూడబడకపోవుట లేకపోవుట కాదు. పుష్యమాసపు చలిలో బిగింపబడిన చీల, సంతకము చేయబడని తప్పుడు కాగితము, తొందరించు గొంతునకు ఎదురుగా నిలిచిన పది నిమిషముల ఆలస్యము, ఇవి ఏ సర్వీసు పుస్తకములోను లేకున్నను జరిగినవే. అట్టివానిని వెదకి చూచు కన్ను సంస్థకు ఉండుట సంస్థ ధర్మము. అది లేనప్పుడును పనిని అట్లే చేయువారు ప్రతి స్టేషనులోను ఎవరో ఒకరుందురు. వారుండుట చేతనే ఆగని బండ్లు తిల్దాను దాటి తెల్లవారునప్పటికి తమ ఊళ్ళు చేరుచున్నవి.